గడ్డ ఆగింది, చెవి పోయింది. మరి 95 శాతం సక్సెస్ అంటే ఏమిటి?

కుడిచెవి_మాస్టారు

కోపంతోనే రాస్తున్నాను, ఏమనుకోకండి. నాకు 43 ఏళ్లు. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వెనక బెంచీలో ఎవడో గుసగుసలాడతాడు, వాడు ఏ మూలన ఉన్నాడో నాకు తెలియదు. అలా మొదలైంది. తర్వాత ఫోన్ కుడిచెవికి పెట్టుకుంటే మాట వస్తోంది కానీ ముక్క అర్థం కావడం లేదు. గుబిలి పేరుకుందేమో అనుకుని ఈఎన్‌టీ దగ్గరికి వెళ్తే ఆడియోగ్రామ్, అక్కణ్నించి ఎం.ఆర్.ఐ. తేలింది ఏమిటంటే వెస్టిబ్యులార్ ష్వానోమా, అంటే లోపలి చెవి నుంచి మెదడుకి వెళ్లే నరం మీద గడ్డ, 13 మిల్లీమీటర్లు. క్యాన్సర్ కాదన్నారు, అంతవరకు సంతోషం. కుడిచెవి 34 డెసిబెల్స్ (ఈ అంకె పెరిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు), మాటల పరీక్షలో, అంటే వినిపించిన మాటల్లో సరిగ్గా పట్టుకున్నవి, 80 శాతం. ఎడమచెవి నిక్షేపంగా ఉంది.

ఒక పెద్ద ఆస్పత్రిలో "గామా నైఫ్ చేయించుకోండి, 95 శాతం సక్సెస్" అన్నారు. అంటే కోయకుండా గడ్డకి గురిపెట్టి రేడియేషన్ ఇవ్వడం. ఇంకో డాక్టరుగారు "తొందరేం లేదు, ఆర్నెల్లాగి మళ్లీ స్కాన్ తీద్దాం" అన్నారు. ఈలోగా మాకు తెలిసిన ఒకాయన కలిశారు. ఇదే జబ్బు, ఇదే వైద్యం, అయి నాలుగేళ్లయింది. గడ్డ కదల్లేదట. చెవి మాత్రం పూర్తిగా పోయిందట. అంటే ఆస్పత్రి లెక్కలో ఆయన కూడా ఆ 95లోనే ఉన్నాడన్నమాట!

నేను అడిగేది ఒక్కటే. రేడియేషన్ తర్వాత వినికిడి మిగలడానికి అసలు లెక్క ఎంత? చేయించుకున్నవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

సుబ్బు_బెజవాడ

మాస్టారూ, పిల్లలకి పాస్ మార్కులు ఏ సబ్జెక్టులో అని అడక్కుండా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేశారా?

ఓరుగల్లు_రమేష్

నేను కూడా ఆ 95ల ఉన్నోడినే అన్నా. ఆరేడేళ్లయింది గామా నైఫ్ అయ్యి. గడ్డ చచ్చినట్టు పడి ఉంది, ప్రతి స్కాన్‌లో "స్టేబుల్" అని రాస్తారు. ఎడమచెవి మాత్రం మొదటి రెండేళ్లు మంచిగనే ఉండి, తర్వాత మెల్లమెల్లగా దిగిపోయింది. ఒక రోజు పొద్దున లేచేసరికి పోయింది కాదు, అదే విచిత్రం. ముందు టీవీ సౌండ్ పెంచిన. తర్వాత సౌండ్ వినిపిస్తుంది, మాట తెలుస్తలేదు. తర్వాత సౌండ్ కూడా లేదు.

డాక్టర్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు గడ్డ గురించి మాట ఇచ్చిన్రు, అది నిలబెట్టుకున్నరు. చెవి గురించి నేను అడగలే, వాళ్లూ చెప్పలే. చెప్పి ఉంటే బాగుండేది.

వైజాగ్_వేణి

నాది 9 మిల్లీమీటర్లు. చూస్తూ కూర్చున్నాను, అంటే మందు లేదు, మాకు లేదు, ఏడాదికోసారి స్కాన్. మూడు స్కాన్లలోనూ అంతే ఉంది. నన్నడిగితే ఆగమనే అంటాను. పెరగని గడ్డకి రేడియేషన్ ఎందుకు?

డల్లాస్_పద్మ

మా ఆయనకి ఇదే గడ్డకి ఇక్కడ వైద్యం అయింది కాబట్టి ఈ కాగితాలన్నీ అప్పట్లో తిరగేశాను. మాస్టారు గారు అడిగిన అంకెలు ఉన్నాయి. కాంగ్రెస్ ఆఫ్ న్యూరలాజికల్ సర్జన్స్ అనే అమెరికా సంఘం 2018లో ఈ గడ్డల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2 సెంటీమీటర్ల లోపు గడ్డ, పనికొచ్చే వినికిడి ఉన్నవాళ్లకి ఏం చెప్పాలో అందులో ఉంది.

రేడియోసర్జరీ, అంటే గామా నైఫ్ లాంటి రేడియేషన్, చేయించుకుంటే రెండేళ్లకి చెవి పనిచేస్తూ ఉండే అవకాశం 50 నుంచి 75 శాతం మధ్య. అయిదేళ్లకీ అదే 50–75. పదేళ్లకి 25–50. ఏమీ చేయించుకోకుండా చూస్తూ ఉంటే రెండేళ్లకి 75 పైన, అయిదేళ్లకి 50–75, పదేళ్లకి 25–50. కోసి తీసేస్తే మొదటి రోజు నుంచే 25–50, తర్వాత కూడా దాదాపు అక్కడే.

మరి మీ 95? అది గడ్డ పెరగకుండా ఆగడం గురించి. ఆ అంకె అబద్ధం కాదు, నిజంగానే 90 దాటి ఆగుతుంది. చెవికి సంబంధించిన అంకె అది కాదు, అంతే.

కుడిచెవి_మాస్టారు

పద్మ గారూ, ఇది కదా నాకు కావాల్సింది. అయితే పదేళ్లకి చేయించుకున్నా 25–50, చేయించుకోకపోయినా 25–50. రెండు వైపులా ఒకటే అయితే చెవి కోసం రేడియేషన్ అనే మాటే లేదు కదా?

వైజాగ్_వేణి

నేను అన్నది అదే!

ప్లానింగ్‌రూమ్

ఆగండి ఆగండి. వేణి గారు గెలిచేశారని అప్పుడే చెప్పకండి.

నేను డాక్టర్ని కాను, రేడియేషన్ ఫిజిసిస్ట్‌ని. చూస్తూ కూర్చున్నవాళ్ల లెక్కలో ఒక తిరకాసు ఉంది. గడ్డ పెరిగినవాళ్లు ఆ గుంపులోంచి బయటికి వెళ్లిపోయి వైద్యం చేయించుకుంటారు. మిగిలేది గడ్డ బుద్ధిగా ఉన్నవాళ్లు. వాళ్ల చెవులు సహజంగానే కాస్త బాగుంటాయి. కాబట్టి ఈ రెండు గుంపుల్ని పక్కపక్కన పెట్టి పోల్చేస్తే సరిపోదు.

దీనికి జవాబు కోసం నార్వేలోని బెర్గెన్‌లో ఒక ట్రయల్ చేశారు. వి-రెక్స్ అంటారు, ఫలితాలు 2023లో జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి. కొత్తగా బయటపడిన చిన్న, మధ్యరకం గడ్డలున్న 100 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. సగం మందికి వెంటనే గామా నైఫ్, సగం మందికి చూస్తూ ఉండటం. నాలుగేళ్ల తర్వాత వెంటనే ఇచ్చిన గుంపులో గడ్డ ఘనపరిమాణం సగటున మొదటిదానికి 0.87 వంతు అయింది. ఆగిన గుంపులో ఒకటిన్నర రెట్లు. ఆగినవాళ్లలో 42 శాతం మందికి ఈలోగా గడ్డ పెరిగి రేడియేషన్ ఇవ్వాల్సి వచ్చింది. సగం మందికి పైగా ఏ వైద్యమూ లేకుండానే నాలుగేళ్లు గడిపేశారు.

వినికిడి? రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండింటిలోనూ తగ్గింది.

ఓరుగల్లు_రమేష్

అంటే నేను చేయించుకోకున్నా పోయేదే అంటరా?

ప్లానింగ్‌రూమ్

మీ ఒక్కరి సంగతి ఎవరూ చెప్పలేరు రమేష్ గారూ. కానీ ఈ గడ్డ ఉన్న చెవి తనంతట తానే తగ్గుతూ పోవడం మామూలే. గడ్డ ఒక్క మిల్లీమీటరు పెరగకపోయినా తగ్గుతుంది. నరం మీద ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. గడ్డ కణాలు వదిలే కొన్ని ప్రోటీన్లు లోపలి చెవిని దెబ్బతీస్తాయని పరిశోధనలు సూచిస్తున్నాయి. దాని మీద రేడియేషన్ తన వంతు కలుపుతుంది. ఎవరి వాటా ఎంత అని విడదీయడం కష్టం.

రాజమండ్రి_శాస్త్రి

ఇన్ని తిప్పలెందుకు నాయనా. గడ్డ అంటే గడ్డే, కోసి పారేస్తే పీడా పోతుంది. లోపల పెట్టుకుని ఏడాదికోసారి ఫోటో తీయించుకోవడం ఏం సుఖం? మా తోడల్లుడు పాతికేళ్ల కిందట తీయించుకున్నాడు, శుభ్రంగా ఉన్నాడు.

సుబ్బు_బెజవాడ

శాస్త్రి గారూ, మీ తోడల్లుడు గారికి ఆ చెవి వినిపిస్తుందా?

రాజమండ్రి_శాస్త్రి

ఆ చెవి వినపడదులే. మా మరదలు అటువైపే కూర్చుంటుంది, సంసారం హాయిగా సాగుతోంది.

సుబ్బు_బెజవాడ

😂😂 ఈ ఉపయోగం ఏ మార్గదర్శకాల్లోనూ రాయలేదు పద్మ గారూ.

డల్లాస్_పద్మ

నవ్వలేక చస్తున్నా. హల్క్ వేషం వేసిన హాలీవుడ్ నటుడు మార్క్ రఫలోకి కూడా ఇదే గడ్డ. ఆయనది ఆపరేషనే. గడ్డ పోయింది, ఎడమచెవి వినికిడీ పోయింది, మొహం ఒక వైపు కొన్నాళ్లు పడిపోయి తర్వాత కోలుకుంది. ఆయనే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

సుబ్బు_బెజవాడ

ఆయనకి కోపం వస్తే పచ్చరంగు వస్తుంది. మా బావకి ఇదే గడ్డ, కోపం వస్తే బీపీ వస్తుంది.

ఆడియాలజీ_అను

శాస్త్రి గారి మాటని పూర్తిగా కొట్టిపారేయకండి. పెద్ద గడ్డలకి, మెదడు కాండాన్ని నొక్కుతున్నవాటికి ఆపరేషనే దారి. 13 మిల్లీమీటర్లకి అది మొదటి మాట కాదు, అంతే.

నేను వచ్చింది వేరే సంగతి చెప్పడానికి. "చెవి మిగిలింది" అని రాసినప్పుడు దేన్ని మిగలడం అంటారో అడగండి. వైద్యులు వాడేది ఎక్కువగా 50–50 కొలత. శబ్దం వినడానికి 50 డెసిబెల్స్ లోపు చాలాలి, మాటల్లో సగమైనా సరిగ్గా పట్టుకోవాలి. ఈ రెండూ ఉంటే "పనికొచ్చే వినికిడి". మాస్టారు గారిది 34, 80. బాగా లోపలే ఉన్నారు. రేపు 49, 52 అయినా ఆస్పత్రి రికార్డులో "వినికిడి నిలిచింది" అనే రాస్తారు. తరగతి గదిలో మీకు మాత్రం చాలా తేడా తెలుస్తుంది.

ఇంకొకటి. మాటల పరీక్ష అంకెల్ని చూసి గుండెలు బాదుకోకండి. మా దగ్గర 25 మాటల జాబితా వాడితే ఒక్కో మాట 4 శాతం. 80 నుంచి 72కి పడిందంటే రెండు మాటలు తప్పారన్నమాట. ఆ రోజు జలుబు ఉన్నా, నిద్ర లేకపోయినా అంత తేడా వస్తుంది.

కుడిచెవి_మాస్టారు

రెండు మాటలా! ఆ శాతాన్ని చూసి నేను రెండు వారాలు అన్నం సరిగ్గా తినలేదండి. మొదటి సెంటర్లో 88 వచ్చింది, రెండో చోట 80.

ఆడియాలజీ_అను

రెండో చోట ఏ భాషలో చదివారు?

కుడిచెవి_మాస్టారు

అది హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆస్పత్రి. హెడ్‌ఫోన్లో ఇంగ్లిష్ మాటలు వచ్చాయి. మొదటి చోట గుంటూరులో అమ్మాయి తెలుగులో చెప్పింది.

ఆడియాలజీ_అను

అదీ సంగతి. రెండు వేర్వేరు పరీక్షల్ని పోల్చుకుని బెంగపెట్టుకున్నారు. పుట్టిన భాషలో సగం మాట వినిపించినా మిగతా సగం బుర్ర పూరించేస్తుంది. రానిదనుకోండి, అంతంతమాత్రంగా వచ్చిన భాషనుకోండి, ఆ సాయం ఉండదు. ప్రతిసారీ అదే సెంటర్, అదే భాష, అదే జాబితా ఉండేలా చూసుకోండి. బెంగళూరు, చెన్నైలో చేయించుకునేవాళ్లు "తెలుగు జాబితా ఉందా" అని ముందే అడగండి, చాలా చోట్ల ఉంటుంది.

పరీక్షలో మంచి చెవికి షూ... అని హోరు పెట్టారో లేదో కూడా గమనించండి. దాన్ని మాస్కింగ్ అంటాం. అది పెట్టకపోతే కుడిచెవికి ఇచ్చిన శబ్దం ఎముకల గుండా ఎడమచెవికి చేరిపోతుంది. పాపం ఎడమచెవి పరీక్ష రాసేస్తుంది, మార్కులు కుడిచెవికి వేస్తారు.

సుబ్బు_బెజవాడ

మాస్ కాపీయింగ్! మాస్టారుకి ఇట్టే అర్థమవుతుంది.

ఓరుగల్లు_రమేష్

అను గారూ, ఇవన్నీ మాకు ఒక్కరు చెప్పలే. రేడియేషన్‌కి ముందు నాకు మాటల పరీక్షే చేయలే, బీప్ బీప్ పరీక్ష ఒక్కటే. ఇప్పుడు ఎంత పోయిందో చెప్పడానికి ముందు ఎంత ఉండెనో కాగితమే లేదు.

వైజాగ్_వేణి

ప్లానింగ్‌రూమ్ గారూ, మీరు చెప్పిన ట్రయల్ ప్రకారం కూడా చెవికి తేడా లేదు. మరి ఆగడమే మేలు కదా? ఇంకా మొండిగా అడుగుతున్నాననుకోకండి.

ప్లానింగ్‌రూమ్

మొండితనం కాదు, న్యాయమైన ప్రశ్న. పెరగని చిన్న గడ్డకి మీ దారే సరైనదని చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. కానీ "చెవి కోసం ఆగుతాను" అని ఆగితే మోసపోతారు. ఆగినా తగ్గుతుంది. ఇంకొందరు దీన్నే తిరగేసి వాదిస్తారు. రేడియేషన్ ఇచ్చేనాటికి చెవి ఎంత బాగుంటే అంత ఎక్కువ కాలం మిగులుతుంది, కాబట్టి చెవి బాగున్నప్పుడే చేయించుకోవాలంటారు. వయసు తక్కువ ఉండటం, గడ్డ చిన్నగా ఉండటం, కాక్లియాకి, అంటే లోపలి చెవిలో శబ్దం పట్టే భాగానికి, తక్కువ డోసు పడటం కూడా కలిసొస్తాయి. ఈ వాదన ఇంకా తెగలేదు.

డోసు గురించి నాకు తెలిసింది చెబుతాను, ఎందుకంటే అది మా చేతిలో ఉన్న భాగం.

గామా నైఫ్ అంటే కత్తేమీ ఉండదు. 192 కోబాల్ట్ ముక్కలు, పాత మోడళ్లలో 201. ఒక్కొక్క దాన్నుంచి సన్నటి కిరణం. ఒంటరిగా ఏదీ పెద్దగా హాని చేయదు, అన్నీ కలిసే చోట గడ్డ ఉంటుంది. దీన్ని కనిపెట్టిన స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1969లోనే ఈ గడ్డకి వాడాడు. తొలినాళ్లలో గడ్డ అంచుకి ఇచ్చే డోసు చాలా ఎక్కువ, 18, 20 గ్రే (రేడియేషన్ కొలత) దాకా వెళ్లేది. గడ్డ ఆగేది, వెంట చెవీ, కొందరికి మొహం కండరాలూ పోయేవి. తర్వాత తగ్గిస్తూ తగ్గిస్తూ 12, 13 గ్రే దగ్గరికి వచ్చారు. గడ్డ అయినా ఆగుతోంది, మొహం వంకర పోవడం చాలా అరుదైపోయింది. చెవి పరిస్థితీ మెరుగైంది, కానీ మొహం అంత కాదు.

ఎందుకంటే కాక్లియా పక్కనే ఉంది. ప్లానింగ్ రోజున సీటీలో ఎముక కనిపించే విండో పెట్టి నత్తగుల్లలాంటి ఆ చుట్టని గీస్తాం. గడ్డ లోపలి చెవి కాలువ చివరిదాకా పాకి ఉంటే, దాని కొసకీ కాక్లియాకీ మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. గడ్డ అంచున 12 గ్రే పడాలి, అక్కణ్నించి కాక్లియాకి వచ్చేసరికి సగటున 4 గ్రే లోపుకి దిగిపోవాలి. 4కి తక్కువ ఉన్నవాళ్లలో చెవి ఎక్కువగా మిగులుతోందని చాలా ఆస్పత్రుల అనుభవం. అందుకే అక్కడ 4 మిల్లీమీటర్ల చిన్న షాట్లు వేస్తాం, కాక్లియా వైపు నుంచి వచ్చే కిరణాల్ని కొన్నిటిని మూసేస్తాం. చెప్పినంత సులువు కాదు. కాక్లియాని మరీ కాపాడబోతే గడ్డ కొస డోసు అందక ఆకలితో మిగిలిపోతుంది, అది రేపు పెరగొచ్చు. డాక్టరూ నేనూ ఆ ఒక్క మిల్లీమీటరు దగ్గర చాలాసేపు తగువులాడుకున్న రోజులున్నాయి.

కుడిచెవి_మాస్టారు

నా స్కాన్ రిపోర్టులో "ఫండస్ దగ్గర కొద్దిపాటి ద్రవం కనిపిస్తోంది" అని ఒక వాక్యం ఉంది. అదేనా మీరు చెప్పే చివర?

ప్లానింగ్‌రూమ్

అదే. గడ్డకీ కాలువ చివరకీ మధ్య ద్రవం మిగిలి ఉంటే మంచి గుర్తు. మాకు డోసు దించుకోవడానికి చోటు దొరుకుతుంది. ఫిల్ములు మీ డాక్టర్ చూడాలి సుమా, నా మాటతో నిర్ణయం తీసుకోకండి.

సుబ్బు_బెజవాడ

బావకి సైబర్ నైఫ్ అన్నారు, అదీ రేడియేషన్ మెషీనే, మూడు రోజులు. మాస్టారుకి గామా ఒక రోజు. ఏది చెవికి మంచిది?

ప్లానింగ్‌రూమ్

మూడు విడతల్లో మొత్తం 18 గ్రే, లేదా అయిదు విడతల్లో 25 గ్రే, ఇవి బాగా వాడే పద్ధతులు. నెలన్నరపాటు రోజూ కొంచెం కొంచెం ఇచ్చేదీ ఉంది, మొత్తం 50 గ్రే పైన. విడగొడితే నరానికి కోలుకునే వ్యవధి దొరుకుతుందని ఆలోచన. చెవి విషయంలో ఒకటి ఇంకోదాన్ని ఖచ్చితంగా ఓడించిందని చెప్పగలిగే రుజువు లేదు. మెషీన్ పేరు కంటే దాని ముందు కూర్చున్నవాళ్లు ఈ గడ్డలు ఎన్ని చూశారన్నది అడగండి. ప్రభుత్వ రంగంలో ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, బెంగళూరు నిమ్హాన్స్‌లో గామా నైఫ్ ఉంది, మనవాళ్లు చాలామంది బెంగళూరే వెళ్తారు.

ఓరుగల్లు_రమేష్

నేను అక్కడికే పోయిన. నెత్తికి నాలుగు స్క్రూలు పెట్టి ఫ్రేమ్ బిగిస్తరు, మత్తు సూదులే మండుతయి, తర్వాత తెలవదు. అద్దంల చూసుకుంటే రోబో సినిమాల విలన్ లెక్క ఉన్న. సాయంత్రానికి ఇడ్లీ తిన్న. భయపడేంత ఏం లేదు మాస్టారు, ఆ రోజు గురించి అయితే.

తర్వాతి ఏడాది చెప్పాలె. ఆర్నెల్ల స్కాన్‌ల గడ్డ పెద్దగయింది! ఇంట్ల అందరం ఏడ్చినం. ఒక చుట్టం "రేడియేషన్ ఫెయిల్, వెంటనే ఆపరేషన్" అన్నడు. డాక్టర్ గారు మాత్రం తాపీగ "వాచింది, తగ్గుతది" అన్నరు. తగ్గింది.

ప్లానింగ్‌రూమ్

రమేష్ గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోండి. మొదటి ఏడాది, ఏడాదిన్నరలో చాలామందికి గడ్డ కొంచెం ఉబ్బుతుంది, మధ్యభాగం నల్లబడుతుంది. అది చస్తున్న లక్షణం. ఆ స్కాన్ చూసి కంగారుపడి కత్తి పట్టిన సందర్భాలున్నాయి.

రాజమండ్రి_శాస్త్రి

చెవిలో గోరువెచ్చని నువ్వులనూనె పదిరోజులు వేస్తే నరాలకి బలం వస్తుందని మా నాన్నగారు అనేవారు. దానికి ఖర్చు లేదు, కిరణాలు లేవు.

ఆడియాలజీ_అను

శాస్త్రి గారూ, కర్ణభేరికి అవతల ఎముక లోపల ఉన్న గడ్డకి నూనె ఎలా చేరుతుందండీ? కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు వేస్తే చీము పడుతుంది. దయచేసి ఎవరూ వేయకండి.

మోడరేటర్

నూనెలు, ఆకుపసర్ల చర్చ ఇక్కడితో ఆపుదాం. శాస్త్రి గారూ, ఇది మూడో హెచ్చరిక, ప్రేమతోనే.

రాజమండ్రి_శాస్త్రి

సరే సరే. మీకు వినపడకపోతే నేనేం చేస్తాను.

డల్లాస్_పద్మ

మా ఆయన సంగతి పూర్తిగా చెప్పలేదు కదా. అయిదేళ్లు దాటింది, ఆ చెవి ఇంకా పనిచేస్తోంది, పూర్వమంత కాదు. మధ్యలో ఒకసారి ఒక్క రోజులో ధడాలున పడిపోయింది. అదే రోజు ఫోన్ చేస్తే స్టెరాయిడ్ మాత్రలు మొదలెట్టారు, కొంత వెనక్కి వచ్చింది. అందరికీ రావాలని లేదు. కానీ చెవి ఉన్నట్టుండి తగ్గితే "వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉందిగా" అని కూర్చోకండి. షుగర్ ఉన్నవాళ్లు ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, స్టెరాయిడ్‌తో షుగర్ ఆకాశానికి వెళ్తుంది.

ఆడియాలజీ_అను

నూటికి నూరుపాళ్లు. ఎంత త్వరగా మొదలెడితే అంత మంచిది, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గుతుంది. ఎప్పుడూ ఒంటి చెవి హోరుతో, తగ్గిన వినికిడితో వచ్చేవాళ్లకి గుబిలి తీసి పంపేసే ముందు ఎం.ఆర్.ఐ. గురించి ఆలోచించాలని మా మొర.

మాస్టారు గారికి ఇంకో మాట. ఇప్పుడు కుడిచెవి గురించే ఆలోచిస్తున్నారు. కాపాడాల్సింది ఎడమచెవిని కూడా. పెళ్లి బ్యాండ్ పక్కన నిలబడకండి. ఎప్పుడైనా ఆస్పత్రిలో చేరితే జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు రాసేముందు మీ చెవి సంగతి చెప్పండి, అవి లోపలి చెవికి చేటు.

కుడిచెవి రేపు ఒకవేళ తగ్గినా దారులున్నాయి. మాటలు 60, 70 శాతం పట్టుకుంటున్నంతకాలం మామూలు వినికిడి మెషీన్ పనిచేస్తుంది. మాటలు బాగా పడిపోతే దాన్ని ఎంత గట్టిగా పెట్టినా గోల పెరుగుతుంది కానీ అర్థం పెరగదు. అప్పుడు క్రాస్ అనే రకం ఉంది, కుడివైపు మైకు పట్టిన మాటని ఎడమచెవికి పంపుతుంది. ఎముక ద్వారా వినిపించేవీ ఉన్నాయి. రేడియేషన్‌లో నరం కోసేయరు కాబట్టి కొందరికి కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చి నరానికి నేరుగా సంకేతాలు పంపే పరికరం) కూడా పెట్టారు, ఫలితాలు మనిషికో రకం.

ఓరుగల్లు_రమేష్

నేను క్రాస్ వాడుతున్న. ఆఫీస్ మీటింగ్‌ల మంచిగ పనిచేస్తది. రోడ్డు మీద మాత్రం హారన్ ఎటు నుంచి వస్తుందో ఇప్పటికీ తెలవదు, ఎందుకంటే వినేది ఒక్క చెవే కదా. బండి నడిపేటప్పుడు రెండు అద్దాలు లేకుంట ఎక్కను. హోటల్‌కి పోతే గోడవైపు ఎడమచెవి పెట్టి కూర్చుంట. పిల్లలకి కూడా అలవాటైంది, వాళ్లే కుర్చీ చూపిస్తరు.

వైజాగ్_వేణి

రమేష్ గారూ, మళ్లీ అదే నిర్ణయం తీసుకోవాల్సి వస్తే?

ఓరుగల్లు_రమేష్

నాది 19 మిల్లీమీటర్లు ఉండె, రెండు స్కాన్ల మధ్య పెరిగింది. చేయించుకునేటోడినే. కానీ చెవి పోతది అని లెక్కేసుకుని చేయించుకునేటోణ్ని. మీది 9, పెరుగుత లేదు. నేనైతే మీ జాగల ఉంటే ఆగుత.

కుడిచెవి_మాస్టారు

నిన్న రెండో డాక్టరుగారి దగ్గరికి వెళ్లొచ్చాను. ఈ చర్చలోంచి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లా. గడ్డ ఆగడం ఒక అంకె, చెవి మిగలడం ఒక అంకె, విడివిడిగా చెప్పమన్నాను. ఆయన నవ్వి "మాస్టారంటే మాస్టారే" అని పద్మ గారు చెప్పినవే దాదాపు చెప్పారు. రేడియేషన్ ఇస్తే కాక్లియాకి ఎంత డోసు పడుతుందో ముందే ప్లాన్‌లో చూపిస్తారా అని అడిగితే చూపిస్తామన్నారు. ఫండస్ దగ్గర ద్రవం ఉంది కాబట్టి ప్రయత్నించొచ్చన్నారు.

ఆర్నెల్లాగి స్కాన్. దానితో పాటు మాటల పరీక్ష, గుంటూరులోనే, తెలుగులోనే. గడ్డ 2 మిల్లీమీటర్లు పెరిగినా, చెవి గట్టిగా పడినా రేడియేషన్. రెండూ లేకపోతే మళ్లీ ఆగడం. మా ఆవిడకి ఇది నచ్చలేదు. "లోపల పెట్టుకుని తిరుగుతావా" అంటోంది. శాస్త్రి గారి అభిమాని.

రాజమండ్రి_శాస్త్రి

అమ్మాయి తెలివైనది.

ప్లానింగ్‌రూమ్

మాస్టారూ, ఆర్నెల్ల స్కాన్ కూడా అదే మెషీన్ మీద, అదే మందం స్లైసులతో తీయించండి. 2 మిల్లీమీటర్ల తేడా కోసం చూస్తున్నప్పుడు మెషీన్ మారితే ఆ తేడా గడ్డదో మెషీన్‌దో తెలియదు. పాత సీడీ పారేయకండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.

కర్నూలు_నాగమణి

చర్చ మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా తమ్ముడికి 22 ఏళ్లు. రెండు చెవుల్లోనూ ఇదే గడ్డ అన్నారు. అతనికి కూడా ఈ అంకెలే వర్తిస్తాయా?

ప్లానింగ్‌రూమ్

వర్తించవమ్మా. రెండు వైపులా ఉందంటే ఎన్.ఎఫ్.2 అనే జన్యు సంబంధమైన జబ్బు అయి ఉండొచ్చు. అక్కడ రేడియేషన్ ఫలితాలు వేరు, జాగ్రత్తలు వేరు. బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్‌తో కొందరికి గడ్డ తగ్గి వినికిడి మెరుగైంది కూడా. న్యూరోసర్జన్, ఈఎన్‌టీ, జెనెటిక్స్ డాక్టర్ ముగ్గురూ ఉన్న చోటికి తీసుకెళ్లండి. ఇంట్లో మిగతావాళ్లకి కూడా పరీక్ష అవసరమేమో అడగండి.

మోడరేటర్

నాగమణి గారూ, వయసు, గడ్డల సైజు, రెండు చెవుల ఆడియోగ్రామ్ అంకెలతో విడిగా ఒక ప్రశ్న పెట్టండి. అను గారూ, ప్లానింగ్‌రూమ్ గారూ అక్కడికి వస్తారు. రిపోర్టు ఫోటో పెట్టేటప్పుడు పేరు, ఆస్పత్రి నంబరు చెరిపేయండి.